వెనక బెంచీ ఉద్యోగం

నా ఉద్యోగంలో ఒక విచిత్రం ఉంది. నలభై దాటాక, ఎం. ఏ. పట్టా పుచ్చుకున్న ఇన్నేళ్ళకు, ఏటా కొన్ని వారాలపాటు నేను మళ్ళీ ఆరో తరగతిలో కూర్చుంటాను. అదీ ఆఖరి బెంచీమీద. మోకాళ్ళు బల్లకు తగులుతూ ఉంటాయి. పక్కనున్న కుర్రవాడు మొదటిరోజు భయపడి జరిగి చోటిస్తాడు. రెండోరోజు నా కళ్ళజోడు పెట్టుకుని చూస్తానంటాడు. మూడోరోజుకు నేనున్న సంగతే మరిచిపోతాడు. నాకు కావలసింది ఆ మూడోరోజే.

నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో తెలుగు బోధనపద్ధతులు చెబుతాను. మా విద్యార్థులు బడులకు పోయి పాఠం చెప్పడం నేర్చుకునే రోజుల్లో వెనక కూర్చుని చూడడం, తరువాత నాలుగు మాటలు చెప్పడం, పరిశీలన పుస్తకంలో నాలుగు వాక్యాలు వ్రాయడం నా పని. పూర్వం బి. ఇడి. ఒక్క ఏడాదే. 2014 నాటి నిబంధనలతో రెండేళ్ళయింది. అందులో బడిలో గడపవలసినవి 20 వారాలు. వాటిలో 16 రెండో ఏట. ఏమాటకామాట చెప్పాలి, ఈ మార్పు మంచిదే. వెనకటిలా పది పాఠాలు చెప్పి, పది చార్టులు గోడకు తగిలించి, ఫోటో దిగి వచ్చేయడానికి వీల్లేదు. పిల్లల పేర్లన్నీ నోటికి వచ్చేదాకా ఉండాలి.

ఈసారి నా వంతుకు కోసిగి వచ్చింది.

గుంతకల్లునుంచి రాయచూరుకు రైలులో పోయేవారికి ఆదోని తెలుసు, మంత్రాలయం రోడ్డు తెలుసు. మధ్యలో కోసిగి వచ్చేసరికి సగంమంది కునుకు తీస్తుంటారు. మిగిలిన సగం రాఘవేంద్రస్వామి దర్శనానికి సామాను సర్దుకుంటుంటారు. కిటికీలోంచి చూస్తే బండరాళ్ళ గుట్టలు, ఎర్రనేల, నల్లనేల, వానకోసం ఎదురుచూసే పైరు. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా బళ్ళారి జిల్లా. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనవైపు వచ్చాయి. తాలూకాలు వచ్చాయిగాని కన్నడం వెనక్కి పోలేదు. ఇప్పటికీ ఒకే ఇంట్లో అవ్వ ఒక భాషలో తిడితే మనమడు ఇంకో భాషలో జవాబు చెబుతాడు.

ఈ బళ్ళారి జిల్లా బడులగురించి ఒక పాత సంగతి ఉంది. తెలుగు మేష్టర్లందరికీ తెలియవలసిన సంగతి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో, మన దేశపు బడులెన్ని, అందులో ఏమి చెబుతున్నారో లెక్కలు పంపమని కలెక్టర్లకు ఉత్తరువులిచ్చాడు. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక వాటన్నిటిలోకి పేరుపొందింది. జిల్లాలో 533 బడులు. 6,641 మంది పిల్లలు. 235 కన్నడ బడులైతే 226 తెలుగు బడులు. చూశారా, పందెం ఎంత దగ్గరగా సాగిందో! పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చదువు చెప్పించే మన పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. ఇంగ్లండువాళ్ళు దాన్ని అనుకరించారంటే తగినదేనని వ్రాశాడు. కాని అదే నివేదికలో ఒక చురక కూడా పెట్టాడు. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతున్నారు, అర్థం మాత్రం తెలియదు, ఎందుకంటే పుస్తకంలో భాష వేరు, ఇంట్లో భాష వేరు. చిలకపలుకులన్నమాట. మన్రో 1826లో మేష్టర్లకు శిక్షణ ఇచ్చే బడి మద్రాసులో ఉండాలని ప్రతిపాదించాడు. మరుసటి ఏడే మన పత్తికొండలో కలరా వచ్చి పోయాడు. ఆ లెక్కన మా కాలేజీలకు మూలపురుషుల్లో ఒకడు మన కర్నూలు జిల్లాలోనే కన్నుమూశాడు.

ఈ కథంతా మా విద్యార్థులకు ఏటా చెబుతాను. ఏటా వారు మర్యాదగా వింటారు. తరువాత బడికి పోయి పుస్తకభాషలో పాఠం చెబుతారు!

ఈసారి నాకు అప్పగించినవారిలో ఒక కుర్రవాడు ఆ మండలంలోని పల్లెవాడే. వాడి నోట కన్నడం, తెలుగు కలిసి పారుతుంటాయి. వినడానికి ఎంత ముచ్చటో! నేను క్లాసులో కూర్చున్నానో లేదో, “విద్యార్థులారా, ఈ అంశమును మీరు అవగాహన చేసుకొన్నారా?” అని మొదలుపెట్టేవాడు. పిల్లలు బిక్కమొగాలు వేసేవారు. ఒకరోజు మంచినీళ్ళకని లేచి వసారాలోకి వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాను. లోపల స్వరం మారిపోయింది. “ల్యా, తెలిసిందా ల్యాదా? ల్యాకుంటే మల్లా చెప్తా. గొత్తాయితా?” అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ గోలలోనే పాఠం నడిచింది.

సాయంత్రం అడిగితే తల వంచుకున్నాడు.

“తెలుగు మేష్టరు అట్ల మాట్లాడితే మార్కులు పోతాయని సార్...”

“మార్కులు వేసేది నేనే కదటయ్యా. నల్లబల్లమీద పుస్తకభాష వ్రాయి, అది పిల్లలకు కావాలి. దాన్ని మీ ఊరి మాటతో విప్పు. ఆ రెండూ చేయగలవాడు ఈ బడిలో నువ్వొక్కడివే” అన్నాను.

మరునాటినుంచి నేను లోపల ఉన్నా “ల్యా” అనడం మానలేదు. పుస్తకంలో ఆ విషయమే వ్రాశాను.

రెండో అమ్మాయి కర్నూలు టౌనునుంచి వచ్చింది. పాఠ్యప్రణాళిక ముత్యాల్లాంటి అక్షరాలతో వ్రాసేది. ప్రేరణకు రెండు ప్రశ్నలు, ప్రదర్శనకు ఒక చార్టు, చివర మూల్యాంకనం. జర్మనీ పండితుడు హెర్బార్ట్ శిష్యులు అమర్చిన మెట్లు ఒక్కటీ తప్పకుండా ఎక్కేది. ఆ రోజు వానమీద పాఠం.

“వాన కురవకపోతే ఏమవుతుంది?”

‘పంటలు పండవు’ అనే జవాబు ప్రణాళికలో ముందే వ్రాసి ఉంది. మూడో వరసలో రెండు జడల పిల్ల లేచింది.

“సుగ్గికి పోతాం మేడం.”

అమ్మాయికి మాట తెలియలేదు. “కూర్చో” అని పక్కపిల్లను అడిగింది. పక్కపిల్ల పంటలు పండవంది, గుడ్ అనిపించుకుంది. పాఠం మెట్లమీదుగా దిగి గంట కొట్టే వేళకు సరిగ్గా పూర్తయింది.

కొందరు పర్యవేక్షకులు క్లాసు మధ్యలోనే లేచి తప్పు దిద్దుతారు. నాకు అది గిట్టదు. పిల్లల ఎదుట మేష్టరును దిద్దితే, ఆ మేష్టరు మాట ఇక ఆ గదిలో చెల్లదు. అందుచేత పుస్తకంలో ఒక్క వాక్యం వ్రాశాను: ‘సుగ్గి అంటే ఏమిటో ఆ పిల్లనే అడిగి రేపు నాకు చెప్పగలరు.’

కన్నడంలో సుగ్గి అంటే కోతలకాలం, పండగల వేళ. ఇంటికి ధాన్యం వచ్చే సంతోషం ఆ మాటలో ఉంది. ఈ పల్లెల్లో అదే మాటకు ఊరు విడిచిపోవడమని అర్థం. కోత ఉందిగాని తమ చేలో కాదు. గుంటూరు వైపు పత్తిచేలల్లో, మిరపచేలల్లో. దసరా దీపావళి దాటితే తలుపులకు తాళాలు పడతాయి. ముసలివాళ్ళను ఇంట్లో వదిలి, మూటలు, గిన్నెలు, పిల్లలతో బయల్దేరతారు. తిరిగి వచ్చేది ఉగాదికి కాస్త అటూ ఇటూ. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో చదవను వ్రాయను వచ్చినవారు నూటికి 60 మందే అంటే, ఈ తాళాలకూ ఆ అంకెకూ చుట్టరికం ఉంది.

మరునాడు అమ్మాయి అడిగింది. రెండు జడల పిల్ల చెప్పడం మొదలుపెట్టేసరికి తక్కినవాళ్ళూ అందుకున్నారు. మిరపకాయలు కోస్తే రాత్రి చేతులు ఎలా మండుతాయో, డేరాలో దీపం ఎక్కడ పెడతారో, తూకం దగ్గర మేస్త్రీతో ఎవరి నాయన గొడవపడ్డాడో, అన్నీ వచ్చాయి. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

“సార్, ప్లాను ప్రకారం ఒక్కటీ జరగలేదు” అంది అమ్మాయి బెదురుగా.

“చెప్పినవాళ్ళచేత చెప్పింది వ్రాయించావా?”

“వ్రాయించాను.”

“అయితే అది తెలుగు పాఠమే” అన్నాను. ఆ కాగితాలు చదివాను. ఒత్తులు లేవు, దీర్ఘాలు ఉండవలసిన చోట లేవు. కాని అర్థంకాని వాక్యం ఒక్కటీ లేదు.

దీపావళి వెళ్ళింది. బెంచీలు ఖాళీ కాసాగాయి. రెండు జడల పిల్ల కూడా పోతుందని తెలిసి అమ్మాయి వాళ్ళింటికి పోయింది. వలసపోయేవారి పిల్లలకోసం ప్రభుత్వం తెరిచే సీజనల్ హాస్టళ్ళ సంగతి వివరించింది. తిండి పెడతారు, బడి తప్పదు అని నచ్చజెప్పింది. తల్లి ఓపిగ్గా విని, చంకలోని పసివాణ్ణి చూపించి, “ఈ పిల్లను ఆడ ఇడుస్తా మేడం. మరి నేను సేలో ఉంటే ఈన్ని యెవరు ఎత్తుకుంటారు?” అంది.

అమ్మాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పసివాణ్ణి చూసే పని పదకొండేళ్ళ పిల్లది. ఆ పిల్ల ఉంటేనే తల్లికి కూలి. హాస్టలు ఆ పిల్లకు అన్నం పెట్టగలదు, తమ్ముణ్ణి ఎత్తుకోలేదు.

మర్నాడు అమ్మాయి వసారాలో నా పక్కన కూర్చుని రికార్డు తెరిచింది.

“సార్, ఇది ఏ గడిలో వ్రాయాలి?” అని కళ్ళు తుడుచుకుంది. “నావల్ల కాదు సార్. ఉగాదికి వాళ్ళు తిరిగొచ్చేసరికి నేనుండను. నా పదహారు వారాలూ అయిపోతాయి.”

ఓదార్పు మాటలు నాకు అంతగా చేతకావు. “ఆ పిల్ల ఎంతవరకు వచ్చింది?” అని అడిగాను.

తడుముకోకుండా చెప్పింది. గుణింతం వచ్చు, ఒత్తుల్లో ‘త’ ఒత్తు ‘మ’ ఒత్తు తారుమారు చేస్తుంది, చదవడం కూడబలుక్కుంటుంది గాని కథ ఒకసారి వింటే తిరిగి చెబుతుంది, సిగ్గు లేదు.

“ఇంకెవరెవరు పోయారు?”

తొమ్మిదిమంది. తొమ్మిదిమందిదీ అలాగే చెప్పింది. ఎవరు ఎక్కడ ఆగారో, ఎవరిని ముందు వరసలో కూర్చోబెట్టాలో.

“గడి లేకపోతే వేరే కాగితంమీద వ్రాయి” అన్నాను.

ఆ బడిలో తెలుగు మేష్టరు అనుభవజ్ఞుడు. మా విద్యార్థులను నాలుగు నెలల చుట్టాలంటూ మొదటిరోజునుంచీ వేళాకోళం చేసేవాడు. తప్పులేదు, ఏటా కొత్త చుట్టాలు వచ్చి, పాఠాలు సగంలో వదిలి పోతుంటే మిగిలినవి చెప్పుకునేది ఆయనే. ఆఖరివారంలో అమ్మాయి తొమ్మిది పేర్లున్న ఆ కాగితాలు ఆయనకిచ్చింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని మొదటి పేజీ చదివాడు. రెండోదీ చదివాడు. ఏమీ అనలేదు. బీరువాలోంచి హాజరుపట్టీ తీసి, కాగితాలను అందులో పెట్టి దారంతో కుట్టాడు.

తరువాత వసారాలోకి వచ్చి, అవతలి గదిలో “ల్యా” అంటూ పాఠం చెబుతున్న కుర్రవాణ్ణి చూపించి నన్నడిగాడు:

“ఆ అబ్బాయి క్లాసులో కూడా పదిమంది దాకా పోయినారు సార్. ఆయప్పతో కూడా ఇట్లా రాయించి ఇస్తారా?”