కాగితం పట్టిందా?

కల్లూరులో పుట్టి పెరిగినవాడు మంచుమీద జారే స్కీల గురించి రాస్తానంటే మా తరగతి మిత్రులు కడుపుబ్బ నవ్వారు. వాళ్ళ తప్పేమీ లేదు. మా ఊళ్ళో మే నెల మిట్టమధ్యాహ్నం కాకి కూడా వేపచెట్టు వదలదు. హంద్రీలో నీళ్ళకంటే ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. మేమెరిగిన మంచు సోడాబండి మీద గోనెసంచిలో చుట్టిన ఐసుగడ్డ ఒక్కటే. అయినా కిందటి చలికాలం నెల రోజులపాటు మా ఇంట్లో స్కీల చర్చే నడిచింది.

మా పెదనాయన కొడుకు మూడేళ్ళ క్రితం చదువుకోసం ఫిన్లాండు ఉత్తరాన ఉన్న ఔలు నగరానికి పోయినాడు. అందుకు పెదనాయన నాలుగెకరాల చేను తాకట్టు పెట్టినాడు. చదువు ముగిసి అన్న అక్కడే చిన్న ఉద్యోగంలో కుదిరాడు. ఒక ఆదివారం ఫోను చేసి, "ఒరే, నువ్వు ఫిజిక్సు గదా, ఒక సంగతి చెప్పు. పందేల్లో వాడే స్కీల జత ఒకాయన సగం ధరకు ఇస్తానంటున్నాడు. అదే ధరకు అంగట్లో కొత్తవి మామూలు రకం వస్తాయి. ఏవి కొనల్ల?" అని అడిగినాడు.

మంచు చూడనివాడిని మంచు సలహా అడిగితే ఏం చెప్పను? వారం రోజులు గడువు అడిగి చదవడం మొదలుపెట్టాను.

స్కీ అంటే మూడు వేళ్ళ వెడల్పు, మనిషికంటే పొడవు ఉన్న సన్నటి పలక. క్లాసిక్ పద్ధతిలో మంచుమీద తీసిన రెండు గాళ్ళ వెంబడి, నడకా పరుగూ కాని ఒక తీరులో పోతారు. స్వీడన్‌లో 1922లో మొదలైన వాసలోపెట్ పందెంలో ఇట్లా 90 కిలోమీటర్లు పోతారు. చిక్కంతా ఒక్కచోటే ఉంది. కాలితో వెనక్కి తన్నిన క్షణంలో పలక మంచును పట్టుకోవాలి, మరుక్షణం జారిపోవాలి. అంటే ఒకే పలకకు ఘర్షణ కావాలి, ఘర్షణ ఉండనూ కూడదు!

పూర్వం దీనికి పలక నడుమ మైనం రుద్దేవారు. మంచు చలువను బట్టి మైనం మార్చాలి. సున్నా డిగ్రీల దగ్గర అది మహా ఇబ్బంది. అందుకని ఇప్పుడు చాలామంది స్కిన్ స్కీలు వాడుతున్నారు. వీటికి పాదం కింది భాగంలో అడుగు పైచిలుకు పొడవున మోహేర్ పట్టీ అతికించి ఉంటుంది. మోహేర్ అంటే అంగోరా మేక బొచ్చు. ఇది చదవగానే లేచిపోయి దొడ్లో మా మేకపిల్ల వీపు నిమిరాను. తలనుంచి తోకవైపు నిమిరితే నున్నగా పోయింది. ఎదురు నిమిరితే చెయ్యి ఆగింది. స్కీ రహస్యం సగం అక్కడే తెలిసింది. అచ్చంగా మోహేరైతే బాగా జారుతుందనీ, నైలాను కలిపితే ఎక్కువ కాలం మన్నుతుందనీ తరువాత చదివాను.

మిగతా సగం మా నాయన చెప్పినాడు. స్కీ నడుము విల్లులా పైకి వంగి ఉంటుంది. రెండు కాళ్ళమీద నిలబడితే ఆ పట్టీ మంచుకు గట్టిగా ఆనదు, జారవచ్చు. బరువంతా ఒకే కాలిమీద వేసి తన్నినప్పుడు నడుము అణిగి బొచ్చు మంచును పట్టుకుంటుంది. నేనిది వివరిస్తుంటే నాయన, "ఇంతేనా? మన గుంటక గదా!" అన్నాడు. నిజమే. చిన్నప్పుడు నన్ను గుంటక మీద నిలబెట్టేవాడు. నా బరువుకు పాస నేలలో దిగేది కాదు. నాయన ఎక్కితే దిగేది. మరీ బరువెక్కువైతే ఎద్దులు లాగలేవు. "కట్టె మంచిదా చెడ్డదా అని కాదప్పా, ఎక్కేవాని బరువెంతో అడుగు" అన్నాడు.

అడిగాను. "డెబ్బై" అన్నాడు అన్న. ఆ పందెం జతేమో డెబ్బై అయిదు పైన తూగేవాళ్ళకు చేసిందట. అయిదు కిలోల తేడాయే కదా అనుకున్నాను. అయినా కొనేముందు చేసే కాగితం పరీక్ష ఒకటుంది. గట్టి నేలమీద స్కీలు పెట్టి ఎక్కి, నడుము కింద కాగితం దూర్చాలి. రెండు కాళ్ళమీద నిలబడితే కాగితం కదలాలి. ఒక కాలిమీద నిలబడితే పట్టుబడాలి. "అమ్మేటాయన్ను అడిగి ఒకరోజుకు తెచ్చుకో" అని చెప్పాను.

తరువాతి ఆదివారం వీడియో కాల్‌లో పరీక్ష జరిగింది. అన్న స్నేహితుడు వంగి కాగితం లాగుతున్నాడు. రెండు కాళ్ళకు కదిలింది. ఒక కాలిమీద నిలబడినా హాయిగా అటూ ఇటూ కదిలింది. పందెం స్కీలు గట్టివి, గట్టిగా తన్నగలవాడికే అణుగుతాయని చదివాను కానీ, ఇది మరీ ఎక్కువగా తోచింది.

"అన్నా, నిజం చెప్పు. ఎంత తూగుతున్నావు?"

కొంతసేపు మాటలేదు. తరువాత మెల్లగా, "యాభై ఎనిమిది" అన్నాడు.

నా వెనక పెద్దమ్మ జొన్నరొట్టెలు తడుతోంది. చప్పుడు ఆగిపోయింది. డెబ్బై ఒక్క కిలోలతో విమానమెక్కిన కొడుకు! చలికోట్ల మాటున మూడేళ్ళుగా ఫోనులో మాకెవరికీ తెలియలేదు. పిండి చేతులతోనే వచ్చి ఫోను తీసుకుంది. "రెండు పూటలా తింటుండావా నాయనా?" అని ఒక్కమాట అడిగింది. అప్పుడు చెప్పినాడు. ఇంటి కంతు, అక్కడి అద్దె పోగా మిగిలిన దానితో ఒకపూటే తింటున్నాడట.

మరి ఆ స్థితిలో స్కీలెందుకని నాకు కోపం వచ్చింది. "డిసెంబరులో ఈడ పొద్దు నాలుగు గంటలు కూడా ఉండదురా. అందరూ సాయంత్రం దీపాల కింద స్కీలమీదే కలుస్తారు. ఆ దారిలోనే నన్ను ఎవరైనా పలకరించేది" అన్నాడు. నా కోపం నామీదికే తిరిగింది.

పెదనాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "సెనక్కాయలమ్మిన దుడ్లుండాయి. రెండు కంతులు మేం చూసుకుంటాం. ముందు అన్నం తిను. కట్టెలు నీ బరువుకు సరిపోయేటివే కొనుక్కో" అన్నాడు.

పందెం జత వెనక్కి పోయింది. ఫిబ్రవరిలో అన్న తన బరువుకు తగిన మామూలు జత కొన్నాడు. అప్పటికి అరవై రెండు తూగాడు.

మిత్రులారా, ఘర్షణ మీద పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ ఆ పాఠం మా పెద్దమ్మకే బాగా అర్థమైంది. ఇప్పుడామె ఆదివారం ఫోనులో కొడుకును "బాగుండావా?" అని అడగదు. ఆ ప్రశ్నకు అతడు సులభంగా అబద్ధం చెప్పగలడని ఆమెకు తెలుసు. "ఒంటి కాలిమీద నిలబడు నాయనా, కాగితం పట్టిందా?" అని అడుగుతుంది.