పోపుల డబ్బా చెప్పిన పాఠం

మన పత్రికకు ఏదైనా రాయమని సంపాదకులు చాలాకాలంగా అడుగుతున్నారు. కథలు రాయడం నాకు చేతకాదు గనుక, చదువుకునే రోజుల్లో తిన్న ఒక దెబ్బ సంగతి రాస్తున్నాను.

1984లో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని, కంప్యూటర్ సైన్సులో ఎం.ఎస్. చేయడానికి అమెరికా వచ్చాను. ఇండియాలో ఫోర్‌ట్రాన్ పంచ్ కార్డులు కొట్టినవాణ్ణి కదా, ప్రోగ్రామింగు మూలసూత్రాల కోర్సు నాకొక లెక్కా అనుకున్నాను.

రెండో అసైన్‌మెంటు స్టాక్. కంచాల దొంతర లాంటిది. పైనే పెట్టాలి, పైనుంచే తీయాలి. పెట్టడానికొకటి, తీయడానికొకటి, ఖాళీయా అని అడగడానికొకటి, మూడు ప్రొసీజర్లు ప్రొఫెసరుగారే ఇచ్చి, వాటితోనే పని జరుపుకోమన్నారు. లోపల ఉన్నది వంద గళ్ల వరుస, అంటే అర్రే అని నాకు తెలుసు. తెలిసినవాడికి అడగడమెందుకని పదకొండు చోట్ల నేరుగా అందులో చెయ్యి పెట్టాను. జవాబులన్నీ సరిగ్గా వచ్చాయి.

దిద్దేటప్పుడు ప్రొఫెసరుగారు ఆ వరుస తీసేసి, గొలుసులా అల్లిన లింక్డ్ లిస్టు పెట్టారు. ప్రొసీజర్ల పేర్లు మాత్రం అవే. తోటివాళ్ల ప్రోగ్రాములు ఏమీ ఎరగనట్టు నడిచాయి. నాది కంపైలే కాలేదు. సున్నా! సగటు 'బి' కన్నా తగ్గితే అసిస్టెంట్‌షిప్ పోతుంది. అది పోతే ఫీజుకు దారి లేదు. విమానం టిక్కెట్టుకు నాన్నగారు చేసిన అప్పు ఇంకా తీరలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుంటే అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు "అమ్మా, పావలా ఇవ్వవే" అంటే ఎక్కణ్ణుంచో తెచ్చి ఇచ్చేది. పోపుల డబ్బాలో దాస్తోందని ఒకనాడు కనిపెట్టి, అడగడం మానేసి నేనే తీసుకున్నాను. మర్నాడు చూస్తే డబ్బాలో ఆవాలూ మెంతులే. చిల్లర మరెక్కడికో మారింది. అడిగి పుచ్చుకునే మా చెల్లెలికి మాత్రం పావలా అందుతూనే ఉంది.

డేటా ఆబ్‌స్ట్రాక్షన్ అంటే ఇదే. ఏం అడిగితే ఏం వస్తుందో తెలిస్తే చాలు. ఎక్కడ, ఎలా దాచారన్నది మనకు అనవసరం. 1974లో బార్బరా లిస్కోవ్, స్టీఫెన్ జిల్స్ వ్యాసంలో ఉన్న మాట ఇదే. లిస్కోవ్ బృందం తయారుచేసిన క్లూ భాషలో హద్దు దాటితే కంపైలరే ఆపుతుంది. నేను రాసిన పాస్కల్‌లో ఆ కాపలా లేదు. మన బుద్ధే కాపలా.

పదకొండు చోట్లా తిరగరాశాను. చివరికి 'బి'తో గట్టెక్కాను. సంగతంతా అమ్మకు ఉత్తరం రాస్తే జవాబు వచ్చింది: "ఆ పావలా నువ్వే తీశావని నాకప్పుడే తెలుసురా."