తీరంలో మూడు రోజులు

సముద్రం పక్కన కాపురముండేవారు సముద్రాన్ని చూడటానికి వెళ్లరు. నెల్లూరు తీరంలో ఇరవై మూడేళ్లుగా ఉంటున్న నా అనుభవమిది. చేపల బుట్ట ఇంటి ముందుకే వస్తుంది. ఉప్పుగాలి కిటికీ కడ్డీలను ఏటేటా కొంత తినేస్తుంది. తుఫాను కబురు వచ్చినప్పుడు మిద్దె మీది సామాను దించుకుంటాం. అంతకు మించి సముద్రంతో మాకు పని ఉండదు. దూరపు బంధువులో, చిన్ననాటి స్నేహితులో వచ్చి "సముద్రం ఎక్కడ?" అని అడిగినప్పుడే మేమూ బయలుదేరుతాం. అతిథి తన రిజ్‌ఖ్‌ను తానే వెంట తెచ్చుకుంటాడని మన పెద్దలు అంటారు. మనకు కొంత చూపును కూడా తెచ్చిపెడతాడని నేను ఈ జనవరిలో గ్రహించాను.

సంక్రాంతి సెలవుల్లో నా స్నేహితురాళ్లు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ముగ్గురం కడపలో కలిసి డిగ్రీ చదువుకున్నవాళ్లం. పత్రికలో తమ పేర్లు రావడం వారికి ఇష్టం లేదు గనుక ఊళ్ల పేర్లతోనే చెబుతాను. కడప స్నేహితురాలు భర్తతో వచ్చింది. ప్రొద్దుటూరు స్నేహితురాలిని ఆమె తమ్ముడు తీసుకొచ్చాడు. ఏడుగురు పట్టే బండిలో చిట్వేలి మీదుగా రాపూరు కనుమ దాటి, మధ్యాహ్నానికి గూడూరు చేరారు. మా ఊరు గూడూరుకు తూర్పున, కోట దారిలో ఉంది. మావారు గూడూరు నిమ్మకాయల మార్కెట్‌లో లెక్కలు రాస్తారు.

ఈ రాకకు ఒక కారణం ఉంది. ప్రొద్దుటూరు స్నేహితురాలి భర్త గత వేసవిలో కన్నుమూశారు, అల్లాహ్ ఆయనను కరుణించుగాక. నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగిసిన తరువాత కూడా ఆమె గడప దాటలేదు. కొడుకులిద్దరిలో ఒకరు బెంగళూరులో, మరొకరు హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. ప్రొద్దుటూరు ఇల్లు అమ్మేసి, తల్లి చెరి ఆరు నెలలు తమ వద్ద ఉండాలని వారి ఆలోచన. మంచి పిల్లలే. తల్లి ఒంటరిగా ఉండకూడదన్నదే వారి బాధ. ఆమె ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. "అక్కా, నువ్వైనా నాలుగు మాటలు మాట్లాడించు" అని ఆమె తమ్ముడు నాకు ఫోను చేశాడు.

మొదటి రోజు భోజనంతోనే గడిచిపోయింది. మా బోరు నీళ్లు ఉప్పన. తాగే నీళ్లు క్యాన్లలో కొంటాం. "సముద్రం పక్కన ఉండి నీళ్లు కొనుక్కుంటారా!" అని కడప స్నేహితురాలు జాలిపడింది. కరవు సీమ నుండి వచ్చినవారు కూడా మమ్మల్ని చూసి జాలిపడే సంగతి ఇదొక్కటే. చేపల పులుసు ముందు రోజు సాయంత్రమే మట్టిసట్టిలో కాచి ఉంచాను. మామిడికాయల కాలం కాదు గనుక చింతపండు మీదే ఆధారపడవలసి వచ్చింది. నెల్లూరు పులుసుకు మరునాడే రుచి. ఇది మా అత్తగారు నేర్పిన మొదటి పాఠం.

మరునాడు నేలపట్టు వెళ్లాం. నెల్లూరు తీరమని నేను అంటున్నాను గానీ, 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు సూళ్లూరుపేట ప్రాంతం, పులికాట్ తీరం తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. కాగితం మీద గీత మారింది, ఇక్కడి యాస మారలేదు. నాయుడుపేట వద్ద చెన్నై రహదారి ఎక్కి, దొరవారిసత్రం దగ్గర పక్కకు తిరిగితే నేలపట్టు చెరువు వస్తుంది. 1976 నుండి అది పక్షుల రక్షిత కేంద్రం. నీళ్లలో నిలబడి పెరిగే చెట్ల నిండా గూడబాతుల గూళ్లు. ఆ చెట్లను నీటికడప చెట్లంటారని మావారు చెప్పగానే, "చూశారా, ఇక్కడ కూడా మా కడపే ఆశ్రయమిచ్చింది" అని కడప స్నేహితురాలు మురిసిపోయింది.

గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలోకి తల మొత్తం దూర్చి ఆహారం తింటుంది. చూసేవారికి తల్లి పిల్లను మింగుతున్నదేమో అనిపిస్తుంది. రెట్టలు పడిన ఆ చెరువు నీరు పొలాలకు పారితే ఎరువు పని చేస్తుందని రైతుల నమ్మకం. అందుకే ఊరివారు ఈ పక్షులను తమ బిడ్డల్లా కాపాడుకుంటారు. గూళ్లు ఇక్కడ ఉన్నా, మేతకు పక్షులు పులికాట్ సరస్సు దాకా ఎగిరి వెళతాయి. ఉదయం ఖాళీ కడుపుతో వెళ్లి సాయంత్రం నిండు కడుపుతో తిరిగి వచ్చే పక్షుల హదీసును నేను మా వీధి పిల్లలకు ఎన్నిసార్లో చెప్పాను. ఆ పక్షి ఎంత దూరం రెక్కలాడిస్తుందో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. ప్రొద్దుటూరు స్నేహితురాలు ఆ గట్టు మీద గంటసేపు కూర్చుంది. ఇల్లు విడిచి వచ్చాక ఆమె తనంతట తానుగా అడిగిన మొదటి ప్రశ్న అక్కడే వినిపించింది: "పిల్లలకు రెక్కలు వచ్చాక ఈ గూళ్లు ఏమవుతాయి?"

మావారు మామూలుగా జవాబిచ్చారు. "ఉంటాయి చెల్లెమ్మా. ఎండలకు పక్షులు వెళ్లిపోతాయి. మళ్లీ చలికాలానికి వస్తాయి."

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. రెండు వైపులా నీళ్లు, నీళ్లలో రాజహంసల బారులు. దేశంలోని ఉప్పునీటి సరస్సుల్లో చిలికా తరువాత పెద్దది ఈ పులికాట్. కడప స్నేహితురాలి భర్తకు పక్షుల కంటే రాకెట్ల మీదే ఆసక్తి. 1971 అక్టోబర్ 9న ఇక్కడి నుండి మొదటి రోహిణి రాకెట్ ఎగిరిందని ఆయనే మాకు చెప్పారు. లోపలికి వెళ్లడానికి అనుమతి కావాలని తెలిసి కొంత నిరాశపడ్డారు. రాకెట్ ఎగిరిన రోజున మా మిద్దె మీది నుండే కనబడుతుందని చెప్పి ఊరడించాను.

నా దృష్టి మాత్రం మోకాటి లోతు నీళ్లలో వంగి రొయ్యలు పడుతున్న యానాది స్త్రీల మీద నిలిచింది. వారి చేతుల్లో వల లేదు. బురదను వేళ్లతో తడుముతారు, దొరికినది నోట కరచి పట్టుకున్న బుట్టలో వేస్తారు. ఆ పని చేస్తున్నంతసేపు మాట్లాడటానికి నోరు ఖాళీ ఉండదు. సముద్రపు నీరు సరస్సులోకి రావలసిన రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయి. అవి పూడితే ఉప్పునీరు రాదు, దానితో వచ్చే చేప పిల్లా రాదు. వేసవిలో ఈ నీళ్ల స్థానంలో పగిలిన నేల కనబడుతుంది. ముఖద్వారాలు తవ్వించాలని మత్స్యకారులు ఏళ్ల తరబడి కోరుతున్నారు. జనవరిలో రాజహంసలను చూసి వెళ్లేవారికి మే నెల సరస్సు సంగతి తెలియదు. నా అతిథులకు తెలియాలనిపించి చెప్పాను. తీరమంటే అలలు, పక్షులు మాత్రమే అని చూపించి పంపడం వారికి సగం భోజనం వడ్డించడంతో సమానం.

మూడవ రోజు తూపిలిపాలెం. వాకాడు దాటాక బకింగ్‌హామ్ కాలువ వస్తుంది. 1876–78 కరవు కాలంలో కూలీల చేత తవ్వించి పొడిగించిన కాలువ అది. ఒకప్పుడు బియ్యం, ఉప్పు, కట్టెలు పడవల మీద మద్రాసు వెళ్లేవి. ఇప్పుడు చాలాచోట్ల గుర్రపు డెక్క పరచుకుంది. ఆ పక్కనే దుగరాజపట్నం ఉంది. మద్రాసు పుట్టక ముందు, 1626 ప్రాంతంలో ఆంగ్లేయులు ఇక్కడే ఆర్మగాన్ పేరుతో స్థావరం పెట్టుకున్నారు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు నేలను సంపాదించాక ఈ ఊరిని వదిలేశారు. వారు ఇక్కడ ఉండిపోయి ఉంటే చెన్నై మా పొరుగూరు అయ్యేదని మావారు ప్రతి అతిథితోనూ అంటారు. ప్రతి అతిథీ నవ్వుతాడు.

తూపిలిపాలెంలో సరుగుడు తోపు నీడన దుప్పటి పరచుకున్నాం. జుహ్ర్ వేళయింది. క్యాను నీళ్లతో వుజూ చేసి, మగవారు ఒక పక్క, మేము ముగ్గురం మరో పక్క నిలబడ్డాం. వాళ్లిద్దరూ ప్రయాణికులు గనుక రెండు రకాతులు చదివి సలాం చెప్పారు. నేను స్థానికురాలిని, నాలుగు చదవాలి. వారు లేచి దుప్పటి అంచున కూర్చున్నారు, నేను మూడవ రకాతుకు నిలబడ్డాను. అలల చప్పుడు, వెనుక వారి నిశ్శబ్దం. నమాజు పూర్తిచేసి తిరిగి చూస్తే ప్రొద్దుటూరు స్నేహితురాలి కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి.

"ఇకపై నేను ఎక్కడా నాలుగు రకాతులు చదవనేమో" అంది.

కడప స్నేహితురాలు వెంటనే సర్దిచెప్పింది. "అదేం మాటమ్మే! పదిహేను రోజులు ఉండాలని నియ్యత్ చేస్తే చాలు, ముకీమ్ అయిపోతావు. కొడుకుల దగ్గర ఆరేసి నెలలు ఉంటావు కదా."

"మస్అలా నాకూ తెలుసు" అని ఆమె ఇసుక వైపు చూస్తూ ఊరుకుంది. కొంతసేపటికి నన్ను అడిగింది: "నీకు ఈ ఊరు ఎప్పుడు నీదైంది?"

పెళ్లయిన కొత్తలో నేను మొదటిసారి పుట్టింటికి వెళ్లినప్పుడు నమాజుకు నిలబడబోతూ నాన్నగారిని అడిగాను. "పదిహేను రోజుల కంటే తక్కువ ఉంటే నువ్వు ఇక్కడ కస్రే చదవాలమ్మా. నీ ఊరు ఇప్పుడు అదే" అని ఆయన హనఫీ ఫిఖ్హ్ ప్రకారం చెప్పారు. చెప్పి, లేచి బయటికి వెళ్లిపోయారు. "సొంత ఇంట్లో కూడా ముసాఫిరేనా?" అని అమ్మ వంటింట్లో నుండి అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. ఫిఖ్హ్ ఒక్క మాటతో నన్ను ఈ తీరపు మనిషిని చేసింది గానీ, మనసుకు అంత తొందర లేకపోయింది. ఇక్కడి నీళ్లు నచ్చలేదు, వాసన నచ్చలేదు.

తరువాత 2004 డిసెంబర్ 26 వచ్చింది. ఆదివారం ఉదయం. సముద్రం ఊళ్ల మీదికి వచ్చిందని అరుస్తూ పాలేల నుండి జనం మా వైపు పరుగెత్తుకొచ్చారు. తడిసిన బట్టలు, చంకల్లో పిల్లలు, ఎవరు ఎక్కడ తప్పిపోయారో తెలియదు. మా అత్తగారు ఒక్క ప్రశ్న వేయకుండా పెద్ద డేక్సా పొయ్యి మీదికి ఎక్కించి, నా చేతికి గరిటె ఇచ్చారు. సాయంత్రం దాకా వడ్డిస్తూనే ఉన్నాను. ఒక పట్టపు ముసలమ్మ గిన్నె అందుకుంటూ "నువ్వు ఏ ఊరి పిల్లవమ్మా?" అని అడిగింది. "ఈ ఊరే" అన్నాను. ఆ మాట ముందుగా ఆలోచించి అన్నది కాదు.

ఇదే చెప్పాను ఆమెకు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "ప్రొద్దుటూరులో నా చేతి గరిటె ఇరవై ఏడేళ్లు తిరిగింది" అని మాత్రం అంది. అప్పటికి ఆమె తమ్ముడు పడవల దగ్గర బేరమాడి ఎండుచేపల మూట కట్టించుకొచ్చాడు. ఆ వాసనకు ముగ్గురం ముక్కులు మూసుకుని నవ్వాం. ఆమె నవ్వు వినడం నాకు ఏడాది తరువాత అదే మొదటిసారి.

షాబాన్ నెల చివరి వారంలో ఫోను చేసింది. రంజాన్ మొత్తం ప్రొద్దుటూరు ఇంట్లోనే ఉంటానని కొడుకులిద్దరికీ చెప్పిందట. ఇల్లు చూడటానికి వచ్చిన బేరగాళ్లను తిప్పి పంపేసిందట. పెద్దవాడు అలిగాడు, చిన్నవాడు ఈద్‌కు తానే వస్తానన్నాడు. ఆ తరువాతి సంగతి ఇంకా తేలలేదు. నేలపట్టులో పక్షులు ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. ఆమె తమ్ముడు బండిని మూడుసార్లు కడిగించినా ఎండుచేపల వాసన పోలేదట. ఆ ఖర్చు నా లెక్కలో రాసుకున్నాడని చెప్పి ఫోను పెట్టేసింది.