గేటు దగ్గర చెప్పే మాట

లూకా సువార్త పద్నాలుగో అధ్యాయంలో యేసు చెప్పిన విందు కథ ఉంది. అంతా సిద్ధమైంది రమ్మని కబురు పెడితే ఒకడు పొలం కొన్నాను, చూసి రావాలన్నాడు. ఇంకొకడు ఐదు జతల ఎడ్లు కొన్నాను, పరీక్షించుకోవాలన్నాడు. మూడోవాడు కొత్తగా పెళ్లయిందన్నాడు. మా ఒంగోలు వైపు గట్ల వెంట తిరిగి చూడకుండా ఎవరూ పొలానికి బయానా ఇవ్వరు. ఎడ్లను కాడికి కట్టి నడిపించి చూడందే సంతలో బేరం తెగదు. కొనేశాక, భోజనాల వేళ చూసి రావడమేమిటి? చెప్పిన కారణం ఒకటి, రాకపోవడానికి అసలు కారణం ఇంకొకటి.

మా చర్చి సంఘం తరఫున, ఆరాధనకు రానివాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడల్లా నాకీ కథే గుర్తొస్తుంది. "వందనాలక్కా, రండి" అంటారు. టీవీ సౌండు తగ్గుతుంది, టీ వస్తుంది. ఉన్నదొక్క ఆదివారమే సెలవు, పిల్లాడికి ట్యూషన్, ఆయనకి డ్యూటీ అంటారు. నేను వాదించను. టీ తాగి, ప్రార్థన చేసి లేస్తాను. అసలు మాట గేటు దగ్గర బయటికొస్తుంది. ఒకావిడ గేటు గొళ్లెం పట్టుకుని, వీధివైపు చూస్తూ చెప్పింది: "మా అమ్మ పోయినప్పుడు చందా బాకీ ఉందన్నారక్కా. అది కట్టేదాకా సమాధి కార్యక్రమానికి అయ్యగారు రాలేదు. శవాన్ని వాకిట్లో పెట్టుకుని డబ్బుల కోసం తిరిగాం." ఆవిడ ఇప్పటికీ రోజూ రాత్రి బైబిలు చదువుకుంటుంది. దేవుడి మీద కోపం లేదు, మా గడప తొక్కాలంటేనే మనసు రావడం లేదు.

"తిండి కోసం మతంలో కలిసినవాళ్లు" అనే మాట కూడా వింటుంటాం. దీనికి మాత్రం గట్టిగా జవాబు చెబుతాను. 1876 నుంచి 1878 దాకా కరవు ఈ ప్రాంతాన్ని పీల్చి పిప్పి చేసింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇచ్చాడు. ఆ పని నడిచినన్నాళ్లూ ఎందరు అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో ఇద్దరిద్దరు చొప్పున నిలబడి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులే. ఇచ్చేది ఏమీ లేనప్పుడు నదిలో దిగినవాళ్లను తిండికి ఆశపడ్డారనడం అన్యాయం.

కానీ "మీలోనూ కులాలున్నాయిగా" అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఒకే ఊళ్లో పక్కపక్కనే రెండు గుళ్లు, రెండు సమాధుల తోటలు ఎందుకున్నాయో ఆ ఊరి పిల్లలకి కూడా తెలుసు. దాన్ని సాకు అంటే దేవుడు క్షమించడు.

వెనక బెంచీలో కూర్చుని ప్రతి ఆదివారం పాటలన్నీ నోటికి పాడే కుర్రాళ్లున్నారు. బాప్తిస్మం అంటే తల వంచుకుంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అందులో చోటిచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. ఆ హోదాతో వచ్చే ఉద్యోగం కోసం ఇల్లంతా ఎదురుచూస్తుంటే, ఆ కుర్రాణ్ని విశ్వాసం తక్కువైందని నేనెలా నిలదీయను?

నిజంగా నొప్పించేది ఏ కష్టమూ లేనివాళ్ల మాట. ఒంట్లో బావుంది, బండి ఉంది, గుడి వీధి చివరే. "ఇల్లు కట్టడం అయిపోనీ, అమ్మాయి పెళ్లవనీ" అంటారు. ఇల్లూ అయింది, పెళ్లీ అయింది, ఇప్పుడు మనవడున్నాడు. వాళ్ల కోసం నేను ఎక్కువ ప్రార్థిస్తాను, ఎందుకంటే గేటు దగ్గర కూడా వాళ్లు ఇంకేమీ చెప్పరు.

సమాధి కార్యక్రమానికీ చందాకీ ముడిపెట్టకూడదని మొన్న కమిటీ ముందు పెట్టాను. పెద్దలు కాదనలేదు. పండగ ఖర్చులున్నాయి, లెక్కలు తేలాక చూద్దామన్నారు. వచ్చే మీటింగులో మళ్లీ అడుగుతాను. ఈసారి ఆవిడ వాకిట్లో జరిగింది కూడా చెబుతాను.