దిగే మెట్లు

ఆగస్టు 4, ఆదివారం. తిరుపతి

డబ్బు కట్టేశాను. డిసెంబరు మూడో వారంలో కేదార్‌కంఠ. ఉత్తరాఖండ్‌లో 12,500 అడుగుల శిఖరం. నాకు 46 నిండాయి. రోజంతా క్లాసులో నిలబడటమే నాకున్న వ్యాయామం. చేతిలో నాలుగున్నర నెలలున్నాయి.

ఈ ఊళ్లో ఉన్నవాళ్లు కొండ కోసం వెతుక్కోనక్కర్లేదు. తెల్లవారకముందే అలిపిరి చేరి, చెప్పులు కిందే విడిచి, పాదాల మండపంలో దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టాను. గాలిగోపురం దాకా ఉన్న మెట్లే ప్రాణం తోడేశాయి. ఆ తర్వాత దారి చాలాసేపు చదునుగా సాగుతుంది, చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ పరీక్ష పెడుతుంది. మొత్తం 3,550 మెట్లకు మూడు గంటల పది నిమిషాలు పట్టింది. అందరూ పైనుంచి బస్సులో వచ్చేస్తారు. నేను నడిచే దిగాను. ఆయాసం లేదు, హాయిగా ఉంది. పరుగులాంటి నడకతో వచ్చేశాను.

ఆగస్టు 6, మంగళవారం

నిన్న పరవాలేదు. ఇవాళ మంచం మీంచి లేవడమే గండమైంది. తొడల ముందు భాగం చెక్కలా బిగుసుకుపోయింది. బడిలో పై అంతస్తు నుంచి గోడ పట్టుకుని పక్కవాటుగా ఒక్కో మెట్టూ దిగుతుంటే, ఏడో తరగతి పిల్ల పరుగెత్తుకొచ్చి నా చేతిలో నోటుపుస్తకాలు అందుకుంది. "ఏమైంది టీచర్, పడినారా?"

ఫిజియోథెరపీ చేసే మా పిన్ని కూతురికి ఫోన్ చేశాను. ఎక్కినందుకు కాదక్కా, దిగినందుకు అంది. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ ఒంటిని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, బరువంతా ఒక్కసారిగా పడిపోకుండా బ్రేకులా పట్టి ఉంచుతుంది. అలా సాగుతూ బరువు ఆపినప్పుడు కండరం పోగులు సన్నగా దెబ్బతింటాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది. "ఒకసారి పడ్డాక మళ్లీ అంత రాదు. కండరం నేర్చుకుంటుంది. నువ్వు ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ చెయ్యి."

కేదార్‌కంఠ శిఖరం నుంచి కొండ కింది సాంక్రీ ఊరికి 6,000 అడుగులకు పైనే దిగాలి. అదీ రెండే రోజుల్లో. ఇన్నాళ్లూ నేను పై వైపే చూస్తున్నాను.

ఆగస్టు 19, సోమవారం

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10.2 వచ్చింది. ఆడవాళ్లకు 12కు తగ్గకూడదు. మెట్ల మీద నన్ను కూర్చోబెట్టింది వయసొక్కటే కాదన్నమాట. గాల్లోని ప్రాణవాయువును కండరాలకు మోసుకెళ్లేది హిమోగ్లోబినే కదా. పైన ఆ గాలే పలచన. డాక్టరమ్మ ఇనుము మాత్రలు రాసి, టీ తాగిన వెంటనే వేసుకోవద్దని, నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుందని చెప్పింది. మా స్టాఫ్‌రూములో సగం మంది ఆడవాళ్లు ఎప్పుడూ నీరసమంటారు. వాళ్లందరినీ ఈ పరీక్ష చేయించుకోమని వెంటపడాలి.

సెప్టెంబరు 8, ఆదివారం

నిన్న చవితి ఉండ్రాళ్లు, ఇవాళ మెట్లు. రెండు గంటల నలభై నిమిషాలు.

దిగేటప్పుడు ఒక పెద్దాయన నా ముందు నడుస్తున్నాడు. పైన దుకాణానికి గంప చేరవేసి, ఖాళీ గంప నెత్తిన బోర్లించుకుని తిరిగొస్తున్నాడు. ఆయన పాదాలనే చూస్తూ చాలా దూరం నడిచాను. చప్పుడే లేదు. పాదం ముందు భాగం మెట్టుకు ఆనుతుంది, ఆ తర్వాత మడమ వాలుతుంది. అప్పటిదాకా బరువంతా పైమెట్టు మీదున్న కాలిదే. మోకాలు ఎక్కడా పూర్తిగా నిటారు కాలేదు. నా పాదాలు మాత్రం టపటపమంటున్నాయి. ఆ చప్పుడుకే వెనక్కి తిరిగాడు.

"దబదబా దిగాకమ్మా. దెబ్బంతా మోకాటికే పోతాది. మోకాలు రోంత వంచి, పాదం నిదానంగా ఆనించు."

తర్వాతి వెయ్యి మెట్లూ అలాగే దిగాను. రెండింతల సమయం పట్టింది. తొడలు వణికాయి గానీ మోకాలు ఒక్కమాట అనలేదు.

సెప్టెంబరు 29, ఆదివారం

బూట్లు కొన్నాను. స్వామి మెట్ల మీద వాటిని వేసుకోవడానికి నా మనసొప్పదు, అందుకే తలకోన అడవిలో నడిచాను. చెట్ల వేర్లు, గుండ్రాళ్లు, తడి మట్టి. అసలు దారి ఇలాగే ఉంటుంది, మెట్లలా ఒకే ఎత్తున ఉండదు. దిగేటప్పుడు వేళ్లు బూటు ముందు భాగానికి గుద్దుకుని, ఇంటికొచ్చేసరికి బొటనవేలి గోరు నల్లబడింది. పొద్దున్నే షాపులో తొడిగి చూసి సరిపోయిందనుకున్నాను. సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది, అప్పుడే కొలత చూసుకోవాలి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. షాపువాళ్లు మార్చి ఇవ్వం అన్నారు. ఇంకో జత కొన్నాను. డబ్బు పోయినా పరవాలేదు, మంచులో గోరు ఊడితే నడవలేను.

అక్టోబరు 9, బుధవారం

బ్రహ్మోత్సవాలు. మెట్ల దారి గోవింద నామాలతో కిక్కిరిసి ఉంది, అక్కడ నా సాధన సాగదు. మా అపార్ట్‌మెంటు మెట్లే గతి. బ్యాగులో నీళ్ల సీసాలు పెట్టుకుంటున్నాను. మూడు లీటర్లతో మొదలుపెట్టి వారానికో లీటరు పెంచాను, ఇప్పుడు ఆరు. మొదట్లో పైకి చేరాక ఆ నీళ్లు కుండీల్లో పోసి, ఖాళీ బ్యాగుతో దిగేదాన్ని. ఇప్పుడు బరువుతోనే దిగుతున్నాను.

రాత్రిళ్లు గడప దగ్గర ఇంకో పని. మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి, రెండో మడమ కింద నేలకు తాకేదాకా నాలుగు లెక్కపెడుతూ వంగాలి. మోకాలు లోపలికి ఒరగకూడదు. నా ఎడమ మోకాలు ఒరిగేది. మావారు కింద కూర్చుని, ఒరిగినప్పుడల్లా వేలితో తట్టి చెప్తున్నారు. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం కూడా అలవాటైంది.

నవంబరు 10, ఆదివారం

ఏడు కిలోల బ్యాగుతో రెండు గంటల ఎనిమిది నిమిషాలు. హిమోగ్లోబిన్ 12.1. పొద్దున లేవగానే నాడి 82 ఉండేది, ఇప్పుడు 70. పరుగెత్తి సాధించింది కాదిది. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగం దాటకుండా, వారానికి నాలుగు రోజులు, నెలల తరబడి నడిచాను. మిగతా రోజులు విశ్రాంతి. అదీ సాధనలో భాగమేనని నమ్మడానికి నాకు చాలా కాలం పట్టింది.

బడి పిల్లలకు మొన్న మాలావత్ పూర్ణ గురించి చెప్పాను. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా పిల్ల. ముందు భువనగిరి రాతిగుట్ట, తర్వాత డార్జిలింగ్, ఆపైన లడఖ్ చలి. ఒక్కో కొండ ఒక్కోటి నేర్పింది.

డిసెంబరు 18, బుధవారం. బేస్ క్యాంపు

చేతి తొడుగు తీసి రాస్తున్నా, వేళ్లు వంగడం లేదు. ఇక్కడ మా ఊరి గాలిలో ఉండే ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే దొరుకుతుంది. మా బృందంలో అందరికంటే దిట్టంగా ఉన్న కుర్రాడు, రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తేవాడు, సాయంత్రం తలనొప్పితో వాంతి చేసుకున్నాడు. గైడు వెంటనే కిందికి పంపించేశాడు. కండబలం ఎత్తుకు మందు కాదు. నెమ్మదిగా ఎక్కడం, నీళ్లు తాగడం, బాగోలేదని దాచకుండా చెప్పడం, ఇవే. ఆ అబ్బాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

డిసెంబరు 21, శనివారం. సాంక్రీ

మొన్న సూర్యుడు లేచే వేళకు పైనున్నాం. స్వర్గారోహిణి మీద మొదటి వెలుగు పడింది. దాన్ని గురించి మరోసారి తీరిగ్గా రాస్తాను.

ఇప్పుడు రాయాల్సింది దిగడం. గట్టిపడిన మంచు మీద ముందువాళ్లు జారి కూర్చుంటున్నారు. నేను మోకాళ్లు వంచి, పాదం ఆనించి, బరువు తర్వాత వదిలాను. "దీదీ, ఐసే హీ" అన్నాడు గైడు. నాకు మాత్రం వినిపించింది "రోంత వంచు" అనే. ఎడమ మోకాలు కాస్త సలిపింది, అంతే.

శిఖరం దిగాక ఇవాళ రెండో రోజు. మేమున్న ఇల్లు చెక్కది, మేడ మెట్లు నిటారుగా ఉన్నాయి. కింద నుంచి ఇంటావిడ టీ తాగమని పిలిచింది. చేత్తో ఏమీ పట్టుకోకుండా దిగి వెళ్లి, పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాను.