గాడిపొయ్యి లేని పెళ్ళి

లావోస్‌లో సియాంగ్ ఖువాంగ్ వైపు వెళ్ళింది రాతి జాడీల మైదానం చూద్దామని. ఆ జాడీల కన్నా నేను నేలనే ఎక్కువ చూశాను. దారి పక్కన సగం ఎరుపు, సగం తెలుపు వేసిన చిన్న దిమ్మెలు పాతారు. తెల్లరంగు వైపు భూమి లోపల కూడా వెతికారట. ఎర్రరంగు వైపు పైపైన చూసి వదిలేశారట. గడ్డి మాత్రం రెండు వైపులా ఒకటే పచ్చగా ఉంది.

1964 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు ఈ దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కుమ్మరించాయి. పెద్ద డొల్ల గాలిలో విచ్చుకుని వందల కొద్దీ చిన్న బాంబులు చల్లేది. అవి 27 కోట్లని, మూడో వంతు దాకా పేలలేదని అంచనా. ఊళ్ళో వాళ్ళు ‘బాంబీ’ అంటారు. వెలక్కాయంత ఉంటుంది, లోపల ఉక్కు గుళ్ళు. మట్టి పట్టి దొరికితే ఏ పిల్లాడైనా చేతిలోకి తీసుకుంటాడు.

మధ్యాహ్నం మా డ్రైవరు వాళ్ళ పిన్నిగారింట్లో భోజనం. పది మందిమి. ఇరుకు వంటింట్లో పొగకి ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వండుతోంది. పెరడు చూస్తే బోలెడంత. “బయట పొయ్యి పెట్టుకోవచ్చు కదమ్మా” అన్నాను. డ్రైవరు ఆ మాట చెప్పగానే ఇంటిల్లిపాదీ నవ్వారు.

తర్వాత అతనే విడమరిచాడు. మంట వేడి నేలలోకి దిగుతుంది. కింద బాంబీ ఉంటే, అది ఎన్నేళ్ళ నాటిదైనా సరే, పేలొచ్చు. పొలంలో చలిమంట వేసుకున్న అతని మేనమామకి మోకాలి కింద కాలు పోయింది అలాగే. అందుకని ఏళ్ళ తరబడి మంట పెట్టిన చోటే పెడతారు.

మా కృష్ణా జిల్లాలో పెళ్ళంటే ముందు గునపం పట్టుకుని పెరట్లో గాడిపొయ్యి తవ్వుతారు. ఎక్కడ తవ్వాలా అని ఆలోచించిన వాళ్ళని నేను చూడలేదు.

ఈ భయం ఇనుము దగ్గర మాత్రం పనిచేయదు. డొల్లలు ఇళ్ళకి స్తంభాలయ్యాయి, ఉల్లికాడలకి తొట్లయ్యాయి. నా పియా అనే ఊళ్ళో యుద్ధకాలపు అల్యూమినియం కరిగించి చెంచాలు పోస్తారు. తుక్కుకి డబ్బు వస్తుంది మరి; తవ్వుతూ చచ్చిపోయిన వాళ్ళున్నారని తెలిసీ తవ్వుతారు.

పిన్నిగారి కూతురికి పెళ్ళి కుదిరింది. పెరట్లో ఒకసారి యంత్రంతో వెతికి పెట్టమని బాంబులు ఏరేవాళ్ళని అడిగారట. ముందు బడులూ, పొలాలూ కానివ్వండి, పెరళ్ళు ఆ తర్వాత అన్నారట. అందుకని పెళ్ళివంట మూడిళ్ళ వాళ్ళు పంచుకున్నారు.