గురువారం ఇల్లు

ఒక్క పేజీ ఉత్తరం రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అడిగేది డబ్బు కాదు, ఉద్యోగం కాదు. ఒక కంప్యూటర్. అదీ ఇంటికి తెచ్చుకునేది కాదు. ఎక్కడో డేటా సెంటర్లో ఉన్నదాన్ని రోజుకి కొన్ని గంటలు వాడుకోనిమ్మని అడగడం, అంతే.

మేం నలుగురం సాయంత్రాలూ ఆదివారాలూ కూర్చుని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాం. తెలుగు మాటకి సంధి విడగొట్టి, నెట్ లేకుండానే నిఘంటువులో వెతికిపెట్టే లైబ్రరీ అది. సోర్స్ కోడ్ అందరికీ ఉచితం. అందులో ఎవరు ఒక్క లైను మార్చినా, మొత్తం మళ్ళీ కంపైల్ చేసి, వేల మాటల మీద పరీక్షలు పెట్టి, పాతదేదీ చెడలేదని తేల్చుకోవాలి. ఆ చాకిరీ చేసేది బిల్డ్ సర్వర్. పెళ్ళిలో గాడిపొయ్యి లాంటిది. భోజనాలకి కూర్చున్నవాళ్ళెవరూ అటు చూడరు.

ఇన్నాళ్ళూ ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చే సర్వీసు మీద నెట్టుకొచ్చాం. వాళ్ళు ఉచిత నిమిషాలు బాగా తగ్గించేశారు. కోపం వచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. ఇలాంటి సర్వర్లలో దొరికిందే సందని క్రిప్టో కాయిన్లు తవ్వుకునేవాళ్ళు మోపయ్యాక, తలుపులు బార్లా తెరిచి ఉంచడం ఎవరికైనా కష్టమే.

పెద్దవాళ్ళకీ ఈ అడుక్కోవడం తప్పలేదు. 2025 జనవరిలో ఆల్పైన్ లైనక్స్ వాళ్ళు, తమకి సర్వర్లు ఇస్తున్న ఈక్వినిక్స్ మెటల్ సేవలు మూతపడబోతున్నాయి, ఎవరైనా ఆదుకోండి అని బహిరంగంగానే అడిగారు. ప్రపంచమంతా కంటైనర్లలో వాడే లైనక్స్ అది. అదే ఏడాది ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీలోని ఓపెన్ సోర్స్ ల్యాబ్ ఇంకో మాట చెప్పింది: రెండున్నర లక్షల డాలర్లు సమకూరకపోతే మూసేయాల్సి వస్తుందని. 2003 నుంచి ఎన్నో ప్రాజెక్టులకి ఆశ్రయమిచ్చిన చోటు. పెట్టే చెయ్యే చాపాల్సి వచ్చింది. డబ్బు సమకూరింది, ల్యాబ్ నిలబడింది. అదంతా చదివి కూడా నాకు ధైర్యం రాలేదు.

దరఖాస్తులో ప్రశ్నలు మామూలువే. లైసెన్స్ ఏది? ర్యామ్ ఎంత కావాలి? రూట్ యాక్సెస్ ఎవరెవరికి? ఎంతమంది వాడుతున్నారు? ఈ చివరిదానికి నిజంగానే జవాబు లేదు. మా లైబ్రరీ వాడేవాళ్ళని లెక్కపెట్టదు, పెట్టకూడదనే అలా రాశాం. కానీ నేను ఆగిపోయింది అక్కడ కాదు. ‘ఈ రకం యంత్రమే ఎందుకు కావాలి?’ అన్న దగ్గర.

ఎందుకంటే మా రీడ్‌మీ ఫైల్లో ఒక వాక్యం ఉంది: ‘32-బిట్ యంత్రాలకి మద్దతు ఇవ్వకూడదన్నది మా విధానం.’ రాసింది నేనే. అసలు సంగతి వేరు. పాత ఫోన్లలో, ట్యాబ్‌లలో ఉండే 32-బిట్ ఆర్మ్ ప్రాసెసర్ మీద పరీక్షలు నడపడానికి మా దగ్గర యంత్రం లేదు. ఎమ్యులేటర్లో, అంటే ఒక యంత్రం చేత ఇంకో యంత్రం వేషం వేయించి, నడిపి చూశాం. పరీక్షలు సగం కాకముందే ఉచిత సమయం అయిపోయేది. రెండు మూడుసార్లు అలా జరిగాక, లేనిదాన్ని వద్దనుకున్నట్టు రాసేశాను. తర్వాత ఒక స్కూలు టీచర్, తమ బడిలో ట్యాబ్‌లు పాతవని, నిఘంటువు తెరవగానే మూసుకుపోతోందని రాశారు. ఆవిడకి కూడా ఆ విధానం వాక్యమే పంపాను. మర్యాదగానే.

మా తాతయ్య రాజమండ్రిలో వారాలు చేసుకుని చదువుకున్నాడు. పిల్లలు తెలియక అడిగితే చెప్పేవాడు: రోజుకో ఇంట్లో భోజనం, వారానికి ఏడిళ్ళు. సోమవారం ఇంట్లో కందిపచ్చడి, శనివారం ఇంటావిడ అడక్కుండానే మారు వడ్డించేది. తిండి గురించి అంత వివరంగా చెప్పే మనిషి గురువారం ఊసు ఎత్తేవాడు కాదు. గురువారాలు ఆయనకి జీవితమంతా ఉపవాసం. ఇంట్లో సాయిబాబా పటం ఉంది కనక ఎవరికీ అనుమానం రాలేదు. షుగరొచ్చి, ఉపవాసాలు మానమని డాక్టరు గట్టిగా చెప్పాక, ఒకరోజు ఇడ్లీ తుంపుకుంటూ అన్నాడు, “ఆ రోజుకి ఇల్లు దొరకలేదురా.”

ఏడో ఇంటి అరుగు దాకా వెళ్ళాడట. గుమ్మంలోకి ఆ ఇంటావిడ వచ్చి ఏం కావాలి బాబూ అంటే, నోరు పెగల్లేదు. మంచినీళ్ళు అడిగి, తాగి, వచ్చేశాడు. తోటి పిల్లలు అడిగితే గురువారం ఉపవాసమన్నాడు. అన్నాక ఇంక ఉండాలి కదా. పటం ఆ తర్వాతెప్పుడో ఇంటికొచ్చింది.

పదకొండో రోజు రాత్రి ముందు రీడ్‌మీలో ఆ వాక్యం తీసేశాను. ఉత్తరంలో ‘తెలుగు భాషకి సేవ’ లాంటివి ఉన్న పేరా కూడా కొట్టేశాను. మిగిలింది కొంచెమే. మా దగ్గర ఫలానా యంత్రం లేదు. లేక, అక్కర్లేదని రాసుకున్నాం. ఒక బడిలో ట్యాబ్‌లు పనిచేయడం లేదు. రోజుకి మూడు గంటలు చాలు. విడుదల చేసే ఫైళ్ళు అక్కడ తయారు చేయం, పరీక్షలే నడుపుతాం. రూట్ అక్కర్లేదు.

మూడో రోజు జవాబొచ్చింది. ప్రశంస లేదు, జాలి లేదు, ఒక ప్రశ్న ఉంది. కొత్త ఆర్మ్ సర్వర్లలో కొన్ని 32-బిట్ కోడ్‌ని నేరుగా నడపలేవు. నడపగలిగేది పాతది ఒకటుంది, రాత్రిపూట మాత్రమే ఖాళీ, పర్వాలేదా? వాళ్ళకి రాత్రంటే మనకి పట్టపగలు. మీటింగులో ఉండగా ఫోన్ చాటుగా పెట్టుకుని మొదటి బిల్డ్ చూశాను. రెండు గంటల పది నిమిషాలు. మూడు పరీక్షలు తప్పాయి. రెండు చిన్నవి. మూడోది టీచర్ గారు చెప్పినదే: ఆ మొత్తం నిఘంటువునీ ఒకేసారి మెమరీలోకి మ్యాప్ చేయబోయి, చోటు చాలక పడిపోతోంది.

దాన్ని ముక్కలుగా తెరిచేలా మారుస్తున్నాం. ఆవిడకి ఇంకా రాయలేదు.